ఒడి దిగిన బిడ్డ

వైద్యశాస్త్రంలో వ్యాధుల పేర్లు సాధారణంగా గ్రీకు, లాటిన్ పదాల నుంచి వస్తాయి. లేకుంటే ఆ వ్యాధిని మొదట వర్ణించిన వైద్యుని పేరు దానికి అంటుకొంటుంది. ఏ చదువూ లేని తల్లులు తమలో తాము చెప్పుకొనే మాట ఒకటి ప్రపంచమంతటా వైద్యగ్రంథాలలోకి ఎక్కడం బహు అరుదు. పశ్చిమ ఆఫ్రికా తీరాన అక్రా నగర ప్రాంతంలో మాట్లాడే గా భాషలోని ‘క్వాషియార్కర్’ అనే పదానికి ఆ గౌరవం దక్కింది. మరో బిడ్డ పుట్టగానే గద్దె దిగవలసివచ్చిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. ఆ మాటలో సూక్ష్మక్రిమి ప్రసక్తి లేదు, విటమినుల ప్రసక్తి లేదు. ఒక తల్లి, ఇద్దరు బిడ్డలు, ఒక్క ఒడి, అంతే. పసిబిడ్డ బరువు ఆ బిడ్డ కంచంలోని తిండిని బట్టే గాక, ఇంట్లో తన వెనుక ఎవరు పుట్టారు, తాను ఎవరి ప్రక్కన, ఎవరి చూపు క్రింద కూర్చుని తింటున్నది అనే వాటిని బట్టి కూడా మారుతుందన్న సంగతి ఆ తల్లులకు తెలుసు. శాస్త్రజ్ఞులకు అది తెలిసిరావడానికి మరికొంత కాలం పట్టింది.

ఈ పదాన్ని వైద్యలోకానికి అందించినవారు సిసిలీ విలియమ్స్. ఆమె 1893లో జమైకా ద్వీపంలో జన్మించారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో యువకులు రణరంగానికి తరలిపోవడంతో ఇంగ్లండులోని వైద్యకళాశాలల్లో స్థలాలు ఖాళీ అయ్యాయి. ఆ అవకాశం వల్ల ఆమెకు ఆక్స్‌ఫర్డులో వైద్యవిద్య చదివే వీలు కలిగింది. 1929లో ఆమెను బ్రిటిష్ ప్రభుత్వం గోల్డ్ కోస్టుకు, అంటే నేటి ఘనా దేశానికి, వైద్యాధికారిగా పంపింది. అక్రాలోని ప్రిన్సెస్ మేరీ లూయీ పిల్లల ఆస్పత్రిలో ఆమెకు విచిత్రమైన రోగులు ఎదురయ్యారు. ఒకటి మొదలు నాలుగేళ్ళ లోపు బిడ్డలు. కాళ్ళు, చేతులు ఉబ్బి ఉండేవి. నల్లని జుట్టు ఎర్రబారేది. చర్మం మచ్చలు పడి పొరలుగా ఊడివచ్చేది. ఆ బిడ్డలు ఆడరు, నవ్వరు, తిండి పెడితే మొహం తిప్పుకొంటారు. చాలామంది మరణించేవారు. చనిపోయిన బిడ్డల శరీరాలను ఆమె స్వయంగా పరీక్షించి చూడగా కాలేయం నిండా క్రొవ్వు పేరుకొని కనిపించింది.

అప్పటి వైద్యులలో అనేకులు దీనిని పెల్లాగ్రా అనుకొన్నారు. మొక్కజొన్న తినే జనంలో ఒక విటమిను కొరత వల్ల పుట్టే వ్యాధి అది. లండనులోని అనుభవజ్ఞులు విలియమ్స్ అభిప్రాయాన్ని పత్రికల్లోనే ఖండించారు. అయితే ఆమెకు ఒక అలవాటు ఉండేది. తల్లులను ప్రశ్నలడిగి, వాళ్ళు చెప్పినదంతా ఓపికతో వినేవారు. ఈ జబ్బును మీరేమంటారు అని అడిగితే వచ్చిన సమాధానమే క్వాషియార్కర్. 1933లో ఆమె ఈ వ్యాధిని పేరు లేకుండానే వర్ణించారు. 1935లో ‘లాన్సెట్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఆ పేరును అర్థంతో సహా ప్రకటించారు.

ఆ పేరు వెనుక ఉన్న కథ ఇది. బిడ్డ పుట్టినది మొదలు తల్లి వీపున ఉంటుంది, అడిగినప్పుడల్లా పాలు త్రాగుతుంది. తల్లి మళ్ళీ కడుపుతో ఉన్నదని తెలియగానే పాలు మాన్పిస్తారు. తెలుగు ఊళ్ళల్లో వేపాకు నూరి రొమ్ముకు పూసేవారు. పద్ధతి ఏదైతేనేమి, బిడ్డకు జరిగేది ఒక్కటే. పాల స్థానంలో వచ్చేది పులిసిన మొక్కజొన్న జావ. అంటే ఒకేసారి మూడు పోతాయి: పాలు, ఒడి, ఇంట్లో తన స్థానం. ఇవి వేరువేరు నష్టాలు. వీటిలో ఏది ఎంత దెబ్బ తీసిందన్నదే తరువాతి యాభై ఏళ్ళ పరిశోధనకు విషయమయింది.

ఈ వ్యాధిలో త్రాసు మోసం చేస్తుంది. ఉబ్బిన బిడ్డ శరీరంలో నీరు నిలిచి ఉంటుంది గనుక తూకం వేస్తే అంత తక్కువగా కనబడదు. లోపల కండ కరిగిపోతూ ఉంటే, నీరు ఆ లోటును కప్పిపుచ్చుతుంది. చికిత్స పనిచేయడం మొదలుపెట్టగానే ముందు తూకం తగ్గుతుంది. ఆ తరువాతనే పెరుగుతుంది. బిడ్డ కోలుకొంటున్నాడని వైద్యురాలు సంతోషించే వారంలోనే తల్లి త్రాసు చూసి కంగారుపడుతుంది.

రెండేళ్ళ బిడ్డకు జావతో కడుపు నిండదా అని ఎవరైనా అడగవచ్చు. కడుపు నిండుతుంది, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ వయసు బిడ్డకు రోజుకు దాదాపు వెయ్యి కేలరీల శక్తి కావాలి. ఎనిమిది కిలోల బిడ్డ కడుపులో ఒక్కసారికి పట్టేది రమారమి పావు లీటరు. పల్చని జావ మిల్లీలీటరుకు అర కేలరీ కూడా ఇవ్వదు. లెక్క వేస్తే రోజుకు రెండు లీటర్ల పైచిలుకు, అంటే కనీసం ఎనిమిది, తొమ్మిదిసార్లు కడుపు నిండా పట్టాలి. పెద్దవాళ్ళు తినేది రోజుకు రెండు, మూడుసార్లు. పిల్లలందరూ ఒకే పాత్ర చుట్టూ కూర్చుని తినే ఇంట్లో ఏడేళ్ళ అన్న నాలుగు ముద్దలు మింగేలోగా రెండేళ్ళవాడు ఒక ముద్ద నమిలి, సగం క్రింద పోసుకొంటాడు. పాత్రలో చాలినంత ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ కనబడదు. పాత్ర ఖాళీ అయ్యే ఇంట్లో ఈ తేడాయే బిడ్డ తూకం.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ వ్యాధి ఆఫ్రికాకే పరిమితం కాదని, ఉష్ణమండల దేశాలన్నిటా వేరువేరు పేర్లతో ఉన్నదని తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో దీనిపై ప్రత్యేక గ్రంథాన్ని ప్రకటించింది. మన దేశంలో ఈ పరిశోధన నీలగిరులలోని కూనూరులో సాగింది. అక్కడ రాబర్ట్ మెకారిసన్ 1918లో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పని క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా పెరిగింది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది. చల్లని కొండమీద నుంచి దిగిరావడం పరిశోధకులకు సుఖం కాకపోవచ్చు గాని, పోషకాహార లోపాన్ని చదవదలచినవారికి తెలంగాణా పల్లెలు ఇంటి ముంగిటికి వచ్చినట్లయింది.

డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వాన హైదరాబాదు పరిశోధకులు చేసిన పని ఆనాటి నమ్మకాన్ని కదిలించింది. మాంసకృత్తులు చాలని బిడ్డకు క్వాషియార్కర్, మొత్తం తిండే చాలని బిడ్డకు ఎండిపోయే జబ్బయిన మరాస్మస్ వస్తాయని అప్పటి పాఠ్యగ్రంథాలు చెప్పేవి. గోపాలన్ బృందం పల్లెల్లో బిడ్డలను జబ్బు పడకముందు నుంచే గమనిస్తూ, వారు తింటున్న తిండిని లెక్కగట్టింది. తరువాత క్వాషియార్కర్ వచ్చిన బిడ్డల ఆహారానికీ, మరాస్మస్ వచ్చిన బిడ్డల ఆహారానికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇద్దరికీ తక్కువైనది మొత్తం తిండి. తిన్నదానిలో మాంసకృత్తుల పాలు మరీ హీనంగా లేదు. ఈ ఫలితాలను ఆయన 1968లో వివరంగా ప్రకటించారు. ప్రపంచమంతటా మాంసకృత్తుల పొడుల కోసం ధనం కుమ్మరిస్తున్న రోజులవి. ఇంట్లో వండే అన్నం, పప్పే బిడ్డకు చాలినంత పెడితే లోటు చాలావరకు తీరుతుందన్న మాట అప్పుడు చాలామందికి రుచించలేదు.

ఈ పనిలోనే మరో విషయం బయటపడింది. నాలుగవ కాన్పు, ఆ పై కాన్పుల బిడ్డలలో పోషకాహార లోపం ముందు పుట్టినవారిలో కంటె ఎక్కువగా ఉంది. ఇల్లు ఒక్కటే, పొయ్యి ఒక్కటే, వండేది ఒక్క తల్లే. అక్రా తల్లులు ఒడి దిగిన బిడ్డ గురించి చెప్పారు; హైదరాబాదు లెక్కలు చివర పుట్టిన బిడ్డ గురించి చెప్పాయి. కూలికి పోయే తల్లి ఇంట్లో లేనప్పుడు ఆ బిడ్డను చంకనెత్తుకొని తిరిగేది ఆరేడేళ్ళ అక్క. ఆ అక్క ఎంత ప్రేమగలదైనా, తన ఆకలి తీరని పిల్ల చేతిలో తమ్ముడి భోజనం పెట్టడం న్యాయమైన ఏర్పాటు కాదు.

బ్రిటనులో కొరత తక్కువే అయినా ఈ జాడ కనిపించింది. 1946 మార్చిలో ఒక్క వారంలో పుట్టిన అయిదు వేల పైచిలుకు బిడ్డలను జేమ్స్ డగ్లస్ ఏళ్ళ తరబడి గమనించారు. తోబుట్టువులు ఎక్కువైన కొద్దీ పిల్లల సగటు ఎత్తు తగ్గుతూ వచ్చిందని అందులో తేలింది.

ఇంతవరకు చెప్పినదంతా తిండి పంపకం సంగతి. ఒడి పోవడం, స్థానం పోవడం మాటేమిటి? తిండి చాలినంత ఉన్నా, భోజనం దగ్గరి వాతావరణం బిడ్డ తూకాన్ని మారుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు అనుకోకుండా దొరికింది, అదీ ఓడిపోయిన జర్మనీలో.

ఎల్సీ విడోసన్ ఇంగ్లండుకు చెందిన పోషకాహార శాస్త్రజ్ఞురాలు. యుద్ధానంతరం జర్మనీలో ఆకలి ప్రభావాలను పరిశీలించడానికి వెళ్ళిన బృందంలో ఆమె ఒకరు. 1948లో రెండు చిన్న అనాథ శరణాలయాలను ఎంచుకొన్నారు. ఒక్కొక్క దానిలో యాభై మంది దాకా, నాలుగు మొదలు పద్నాలుగేళ్ళ వయసు పిల్లలు. మొదటి ఆరు నెలలు రెండుచోట్లా ప్రభుత్వం ఇచ్చే రేషనే పెట్టాలి. తరువాతి ఆరు నెలలు ఒక శరణాలయానికి మాత్రం అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం ఇవ్వాలి. పక్షానికి ఒకసారి పిల్లలందరినీ తూచాలి. అదనపు తిండి తిన్నవాళ్ళు ఎంత ఎక్కువ పెరుగుతారో చూడాలి. ప్రణాళిక ఇంత సాదాగా ఉంది.

మొదటి ఆరు నెలల్లోనే లెక్క తప్పింది. రెండుచోట్లా ఒకే రేషను తింటున్నా ఒక శరణాలయం పిల్లలు రెండవదాని పిల్లల కంటె బాగా బరువు పెరిగారు. తరువాత, బాగా పెరిగిన శరణాలయానికే అదనపు రొట్టె వచ్చింది. అయితే ఇప్పుడు వాళ్ళ పెరుగుదల మందగించింది. మామూలు రేషనుతో ఉన్న రెండవ శరణాలయం పిల్లలు వాళ్ళను మించిపోయారు. ఎక్కువ తిన్నవాళ్ళు తక్కువ పెరిగారన్నమాట. శాస్త్రజ్ఞురాలు తన త్రాసునే అనుమానించవలసిన స్థితి ఇది.

కారణం వంటింట్లో లేదు. మొదటి ఆరు నెలలు పిల్లలు సరిగా పెరగని శరణాలయాన్ని నడిపినామెను విడోసన్ తన వ్యాసంలో ‘శ్వార్జ్’ అని పేర్కొన్నారు. ఆ జర్మను మాటకు నలుపు అని అర్థం. అదనపు రొట్టె మొదలైన సమయానికే ఆమె రెండవ శరణాలయానికి బదిలీ అయింది. ఈ సంగతి ప్రయోగంలో భాగం కాదు, కాకతాళీయం. ఆమె కఠినురాలు. పిల్లల తప్పులు ఎంచి నలుగురిలో చీవాట్లు పెట్టడానికి భోజన సమయాన్నే ఎంచుకొనేది, అప్పుడయితే అందరూ ఒకచోట ఉంటారు గనుక. ఆమె మాట ముగిసేసరికి సూపు చల్లారిపోయేది. పిల్లలు బెదిరి, కొందరు ఏడుస్తూ కూర్చునేవారు. ఆమె ఎక్కడుంటే అక్కడ తూకం కుంటుపడింది. ఆమెకు ఇష్టులైన ఎనిమిది మంది పిల్లలు మాత్రం ఉండేవారు. చీవాట్లు వాళ్ళకు వర్తించవు. తాను బదిలీ అయినప్పుడు వాళ్ళను తన వెంట తీసికొని వెళ్ళింది. ఏడాది పొడుగునా ఆ ఎనిమిది మందీ చక్కగా పెరిగారు. సాక్ష్యానికి ఇంతకంటె ఏం కావాలి! విడోసన్ ఈ ఫలితాలను 1951లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు.

మనస్తాపం ఎముకలకూ కండకూ ఎలా చేరుతుంది? 1967లో అమెరికా వైద్యులు పదముగ్గురు పొట్టి పిల్లల కథ వెల్లడించారు. కలతల కాపురాలలో పెరిగిన ఆ పిల్లలలో ఎదుగుదలకు అవసరమైన హార్మోను తక్కువగా ఊరుతున్నది. వాళ్ళను ఇల్లు మార్చి ఆరోగ్యకేంద్రంలో ఉంచగానే, ఏ హార్మోను మందూ ఇవ్వకుండానే ఎదుగుదల మొదలయింది. బెదిరిన బిడ్డ తక్కువ తింటాడన్నది అందరికీ తెలిసిన సంగతే. తిన్నది కూడా సరిగా ఒంటబట్టకపోవచ్చునన్నది కొత్త సంగతి.

భోజనాల బంతిని పూర్తిగా తొలగించి చూసినవారు కూడా ఉన్నారు. అమెరికాలో క్లారా డేవిస్ 1920 తరువాతి సంవత్సరాలలో, అప్పుడే పాలు మానిన బిడ్డల ముందు రకరకాల సాదా పదార్థాలను గిన్నెల్లో పెట్టించేవారు. బిడ్డ చేయి చూపిన దానినే నర్సు చెంచాతో అందించాలి. మెచ్చుకోరాదు, బ్రతిమాలరాదు, మొహంలో ఏ భావమూ కనబరచరాదు. ఆ బిడ్డలు చక్కగా పెరిగారు. గోరుముద్దలకు అలవాటుపడిన తెలుగు అమ్మమ్మ ఎవరైనా ఆ నర్సును చూస్తే బిడ్డ మీద జాలిపడేది. అయినా ఆకలి కొలత బిడ్డ దగ్గరే ఉంటుందని, పెద్దలు బలవంతపెట్టనక్కరలేదని ఆ ప్రయోగం చూపింది. గిన్నెల్లో ఉన్నవన్నీ మంచి ఆహారాలే అన్నది మాత్రం మరువరాదు.

బలవంతపు ముద్ద ఏం చేస్తుందో న్యూయార్కులో కనిపించింది. హిల్డా బ్రూక్ హిట్లరు జర్మనీని విడిచి 1934లో అమెరికా చేరిన పిల్లల వైద్యురాలు. దేశం ఆర్థికమాంద్యంలో కొట్టుమిట్టాడుతున్న ఆ రోజుల్లో, న్యూయార్కు వీధుల్లో అంతమంది లావు పిల్లలు కనబడడం ఆమెకు వింత గొలిపింది. గ్రంథుల లోపం వల్ల పిల్లలు లావెక్కుతారని అప్పటి వైద్యుల నమ్మకం. ఆమె పరీక్షించి చూస్తే గ్రంథులు బాగానే ఉన్నాయి. అప్పుడు ఆమె ఆ పిల్లల ఇళ్ళకు దృష్టి మళ్ళించారు. తల్లులలో అనేకులు పేదరికంలో ఆకలి ఎరిగి వలస వచ్చినవారు. తమకు దొరకనిది బిడ్డకు దొరకాలని కూర్చోబెట్టి తినిపించేవారు. 1940లో ప్రకటించిన వ్యాసంలో ఆమె గుర్తించిన మరో సంగతి ఉంది. ఆ లావు పిల్లలలో చాలామంది ఇంటికి ఒక్కరే సంతానం, లేదా అందరిలోకి చిన్నవారు. అంటే గద్దె దింపేవారెవరూ తమ వెనుక పుట్టనివారు.

అక్రాలోని బిడ్డకూ న్యూయార్కులోని బిడ్డకూ మధ్య సముద్రం ఉన్నా, కథ ఒకటే. త్రాసు ముల్లు మాత్రం ఎదురుదిక్కులకు తిరిగింది. ఈ ఎదురుబొదురు సంబంధం స్పష్టంగా అంకెలలోకి రావడానికి 2016 దాకా ఆగవలసివచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో పుట్టినది మొదలు గమనించిన 697 మంది పిల్లల లెక్కలు తీశారు. బిడ్డకు రెండు నుంచి నాలుగున్నర ఏళ్ళ మధ్య తమ్ముడో చెల్లెలో పుట్టినట్లయితే, ఆ తరువాత ఆ బిడ్డ ఎత్తుకు తగిన బరువుతో పెరిగే అవకాశం మెరుగయింది. ఒకటవ తరగతికి వచ్చేసరికి కూడా వెనుక ఎవరూ పుట్టని పిల్లలు స్థూలకాయులయ్యే సంభావ్యత దాదాపు మూడు రెట్లు ఉంది. చంటిపాపతో సతమతమయ్యే తల్లికి పెద్దబిడ్డ చేత చివరి ముద్ద తినిపించే తీరిక ఉండకపోవచ్చు. ఆ బిడ్డ కూర్చోవడం మాని పాపతో ఆడవచ్చు. కారణాలు ఇవి కావచ్చునని పరిశోధకులు సూచించారే గాని నిర్ధారించలేదు. 2019లో ఓక్లహోమా నుంచి వెలువడిన ఒక చిన్న పరిశీలనలో ఏకైక సంతానం ఉన్న ఇళ్ళల్లో తిండి అలవాట్లు అంత మంచివి కావని, ఆ పిల్లలలో స్థూలకాయం ఎక్కువని తేలింది. అందులో పాల్గొన్న తల్లులు అరవై మంది పైచిలుకే గనుక దానిని గట్టి ఆధారంగా తీసికోరాదు. పైగా బిడ్డ ఏకైక సంతానం కావడం కంటె తల్లి బరువుకే బిడ్డ బరువుతో ఎక్కువ సంబంధం కనిపించింది.

కాబట్టి తోబుట్టువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. పాత్రలో చాలినంత లేని ఇంట తమ్ముడి పుట్టుక బిడ్డ నోటి ముద్దను తగ్గిస్తుంది. పాత్ర పొంగిపొరలే ఇంట అదే పుట్టుక అక్కరలేని ముద్దను తగ్గిస్తుంది. చేసే పని ఒకటే, పెద్దల చూపును ఒక బిడ్డ మీద నుంచి ఇద్దరికి పంచడం.

మన దేశంలో ఇప్పుడు ఈ రెండు రకాల ఇళ్ళూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 32 మంది వయసుకు తగిన బరువు లేనివారు. అధిక బరువు ఉన్నవారు నూటికి 3.4, అంతకుముందటి సర్వేలో అది 2.1గా ఉండేది. స్త్రీకి సగటున కలిగే సంతానం అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణాలో 1.8. గోపాలన్ బృందం లెక్కల్లోకి వచ్చిన నాలుగవ కాన్పు బిడ్డ తెలుగు ఇళ్ళల్లో అరుదవుతున్నాడు. ఒక్కడే బిడ్డ, చుట్టూ నలుగురు పెద్దలు, చేతిలో గిన్నె పట్టుకొని వెంటబడే నాయనమ్మ ఉన్న ఇళ్ళు పెరుగుతున్నాయి.

ఇక సిసిలీ విలియమ్స్ సంగతి. 1936లో ఆమెను అక్రా నుంచి మలయాకు బదిలీ చేశారు. అక్రాలో జబ్బుపడిన బిడ్డలకు డబ్బాపాలు పట్టి కొందరినైనా నిలబెట్టిన ఆమె, 1939లో సింగపూరులో తల్లిపాలకు బదులు తీపి డబ్బాపాలు అమ్మే వ్యాపారాన్ని హత్యతో పోలుస్తూ ప్రసంగించారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఒకచోట పాలు అందని బిడ్డలకు పాలు పట్టారు, మరొకచోట తల్లి దగ్గర ఉన్న పాలను కాపాడబోయారు. యుద్ధంలో జపానువారికి చిక్కి చాంగీ చెరలో గడిపారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల ఆరోగ్య విభాగానికి మొదటి అధిపతి అయ్యారు. 1992లో మరణించారు.

ఆమె మార్గాన్నే మరొక ఇంగ్లీషు వైద్యుడు, డేవిడ్ మోర్లీ, 1956 మొదలు నైజీరియాలోని ఇమెసి-ఇలె అనే పల్లెలో పనిచేశారు. బిడ్డను నెలనెలా తూచి, ఒక అట్ట మీద చుక్కలు పెట్టి, వాటిని గీతతో కలిపే పద్ధతి ఆయన అక్కడ రూపొందించినది. 1975 అక్టోబరు 2న మన దేశంలో మొదలైన అంగన్‌వాడీ పథకంలో వాడే పెరుగుదల పటం ఆ అట్టకు దగ్గరి చుట్టం. మోర్లీ అట్టను ఆస్పత్రిలో దాచిపెట్టలేదు, తల్లి చేతికే ఇచ్చారు. ఆమె దానిని ఇంట్లో భద్రపరచి, వచ్చినప్పుడల్లా వెంట తెచ్చేది. దాని మీద తూకం గీసే గళ్ళే గాక మరొక పట్టీ ఉండేది. బిడ్డకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎందరు, ఒక్కొక్కరు ఏ సంవత్సరంలో పుట్టారు అన్నది అందులో రాసేవారు.